సన్యాసం పుచ్చుకున్నాను, లైక్ కొట్టండి

మన ఫేస్‌బుక్ రచయితలకు ఈ మధ్య ఐదో ఆశ్రమం ఒకటి దొరికింది. వానప్రస్థం ముగిశాక వచ్చేది కాదిది. మూడొందల లైకులు పడేచోట ముప్ఫై పడటం మొదలవగానే వస్తుంది. పేరు డిజిటల్ సన్యాసం.

సన్యాసికి ఏకాంతం కావాలి. ఆ సంగతి ముందు ఊరందరికీ తెలియాలి. "మిత్రులారా! కొంతకాలం సోషల్ మీడియాకు దూరంగా ఉండాలని నిర్ణయించుకున్నాను. ఇకపై నా సమయం చదువుకూ, రాతకూ, కుటుంబానికే" అని పోస్టు పడుతుంది. పక్కన ఫొటో: కిటికీ గట్టు మీద మూసి ఉన్న పుస్తకం, పొగలు కక్కే కాఫీ. అదే ప్రకటన వాట్సాప్‌లో స్టేటస్‌గా, ఇన్‌స్టాలో స్టోరీగా దిగుతుంది. వత్తునూ గుణింతాన్నీ విడివిడిగా లెక్కగట్టే ఎక్స్‌లోని 280 అక్షరాల్లో వైరాగ్యం ఇమడక, అక్కడ ముక్కలు ముక్కలుగా దిగుతుంది. కింద "మిస్సవుతాం అన్నా", "మీరు లేని టైమ్‌లైన్ ఊహించలేం సార్" అని పరామర్శలు. ప్రతివారికీ ఓ గుండె బొమ్మ పెట్టి, జవాబులిచ్చేసరికి తెల్లారుతుంది. వారం తిరక్కుండానే "మిత్రుల ఒత్తిడి మేరకు" పునఃప్రవేశం. ఆ మిత్రులెవరని అడక్కండి. ఉన్నది ఒక్కడే, వాడి పేరు నోటిఫికేషన్.

సన్యాసం మన వల్ల కాదు గానీ దినచర్యను కాస్త సులువు చేసుకుందాం అనే వర్గం మరొకటి ఉంది. వీళ్లది కౌపీన సంరక్షణార్థం బాపతు. గోచీని ఎలుక కొరుకుతోందని పిల్లినీ, పిల్లికి పాలు కావాలని ఆవునూ, ఆవును చూసుకునేవాళ్లు లేరని చివరికి ఇల్లాలినీ తెచ్చుకున్న సాధువు వంశమే ఇది. ఆరు చోట్ల పోస్టు పెట్టడం కష్టంగా ఉందని, ఒక్క నొక్కుతో ఆరు చోట్లా పడేసే యాప్ ఒకటి. ఏ వేళకు పడెయ్యాలో చెప్పే షెడ్యూలర్ ఇంకొకటి. ఎందరు చూశారో గీతలు గీసి చూపే పట్టిక మరొకటి. ఇవన్నీ చూస్తూ ఫోన్లో ఎంతసేపు తగలేశామో లెక్కచెప్పే యాప్ మళ్లీ వేరే. ఆ లెక్క కాస్త తగ్గితే ఓ స్క్రీన్‌షాట్. ఆ స్క్రీన్‌షాట్ ఆరు చోట్లా. ఇంత సరంజామా నడుమ రాత అనే గోచీని ఎలుక ఎప్పుడో తినేసింది.

ఒకప్పుడు ఈ భాగోతం లేదు. 2006 ప్రాంతంలో లేఖినిలో తెలుగు టైపు చేసి, బ్లాగర్‌లో అతికించి, ప్రచురిస్తే తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి సైటులో శీర్షిక కనబడేది. చదివేవాళ్లు వచ్చి చదివేవాళ్లు. తిట్టేవాళ్లు కూడా శ్రద్ధగా, పేరాలు విడగొట్టి మరీ తిట్టేవాళ్లు. అది చాదస్తమని మనవాళ్లు ఆర్కుట్‌కు పరిగెత్తారు, దాన్ని 2014లో మూసేశారు. గూగుల్ ప్లస్‌లో పీట వేసుకున్నారు, 2019లో పీట లాగేశారు. టిక్‌టాక్‌లో పెదాలు కదిపారు, 2020లో ప్రభుత్వమే దుకాణం కట్టేయించింది. 1999లో పుట్టిన ఆ బ్లాగర్ మాత్రం ఇప్పటికీ తెరిచే ఉంది. మనవాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోయారు, అంతే.

కంపెనీల తీరు వేరే చెప్పాలా? లింకు నొక్కి జనం బయటికి పోతే తమ ప్రకటనలు చూసే దిక్కుండదని వాటి బెంగ. లింకును పోస్టులో కాక కింద జవాబులో పెట్టుకోమని ఎక్స్ యజమాని మస్క్ 2024లో స్వయంగా సెలవిచ్చాడు. అందుకే మన రచయిత సొంత వ్యాసానికి దారి చెప్పడానికీ జంకి, "లింక్ మొదటి కామెంట్‌లో" అని గొణుగుతాడు. 5000 మందికి మించి స్నేహితులు కుదరదని ఫేస్‌బుక్ అంటే, "కోటా నిండింది, రెండో ఖాతాకు రండి" అని బోర్డు తగిలిస్తాడు. ఆ ఐదువేలమందిలో ఆయన పుస్తకం కొన్నవాళ్లెందరో తెలియాలంటే అచ్చేయించిన కట్టలు ఇంట్లో ఏ మంచం కింద ఉన్నాయో చూడాలి.

నిజంగా సులువు కావాలంటే ఏ యాప్ అక్కర్లేదు. ఒక్కచోట రాయండి, దాని కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రాశానని ఇంకొక్కచోట చెప్పండి. ఫోన్ అవతల పెట్టి అన్నం తినండి. జవాబు చెప్పదగ్గ వ్యాఖ్యలుంటే మర్నాడు చెప్పండి, కొంప మునగదు.

ఇంతే. కానీ ఇది ఎవరూ చెయ్యరు. హడావుడి తగ్గితే ఎదుట మిగిలేది తెల్ల కాగితం. దాని మీద ఏం రాయాలో తోచని నాడు ఈ ఆరు యాప్‌లే ఆదుకుంటాయి. "రాద్దామనే ఉందండీ, తీరిక ఏదీ?" అనొచ్చు. ఆ సాకును లాగేసుకునే సులువు మనవాళ్లకు అక్కర్లేదు. కావాలంటే దాని మీద ఓ లైవ్ పెడతారు, తప్పకుండా షేర్ చెయ్యమంటారు.