లోపలి వైపు జరీ

మా పెద్దమ్మ కళ్లజోడు మీద గీతలు నా వల్ల పడ్డాయి. వాటిని నేను చూసింది వినాయకచవితికి. అవి నా వల్లే పడ్డాయని ఆవిడతో చెప్పింది కార్తీకమాసంలో. మధ్యలో రెండు నెలలు నోరు మూసుకుని ఉన్నాను. ఆ రెండు నెలల గురించీ, అంతకు ముందు సంక్రాంతికి నా చేత్తో కుట్టి తీసుకెళ్లిన కళ్లజోడు సంచి గురించీ ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దమ్మ ఉండేది గుడివాడ దగ్గర ఒక పల్లెటూళ్లో. సంక్రాంతికి ముందు ఏడాది రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. కంట్లో పెట్టే మామూలు లెన్సు ఒక దూరానికే పనికొస్తుంది. దూరం చూపు బాగా వచ్చినా, చదువుకోవాలన్నా సూదిలో దారం ఎక్కించాలన్నా కళ్లజోడు తప్పదు. కన్ను కుదుటపడేదాకా నెలన్నర ఆగి, నంబరు చూసి రాసిచ్చారు. కళ్లజోడుతో వచ్చిన డబ్బా మూత కొన్నాళ్లకే ఊడిపోయింది. అప్పట్నుంచి జేబురుమాల్లో చుట్టి దిండు కింద పెట్టుకునేది. అది చూసి, దీనికి మంచి సంచి నేనే కుట్టి ఇస్తాననుకున్నాను.

నాకు కుట్టుమిషన్ మీద చెయ్యి కుదిరి ఏడాదే అయింది. పెద్దమ్మ సంగతి వేరు. చిన్నప్పుడు మేం కప్పుకున్న బొంతలన్నీ ఆవిడ చేతివే. ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని కుట్టేది. పాత నేత చీరలు గంజి పూర్తిగా వదిలేదాకా జాడించి, ఆరేసి, నాలుగు పొరలుగా నేల మీద పరిచేది. ఒక మూల సన్నికల్లు పొత్రం, ఇంకో మూల ఇత్తడి చెంబు, మిగతా రెండు మూలలా నన్నూ మా తమ్ముణ్ణీ కూర్చోబెట్టేది. ముందు జానెడేసి ఎడంతో కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా పట్టేది. ఆ తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేది. రంగు బాగున్న చీర పైకి వెళ్లేది. ఒంటికి తగిలే వైపు మాత్రం ఎప్పుడూ ఉతికి ఉతికి మెత్తబడిపోయిన చీరే ఉండాలి. వెలిసిపోయినా సరే, నాలుగు చోట్ల మాట్లు పడినా సరే. ఆ బొంతల్లో ముఖం దాచుకుని నిద్రపోయిన దాన్ని నేను. అయినా సంచి కుట్టేటప్పుడు అదొక్కటీ నాకు గుర్తు రాలేదు.

పై గుడ్డకి పెడన కలంకారీ కొన్నాను. కరక్కాయ నీళ్లలో తడిపి, చెక్క అచ్చులతో అద్ది, కాలవలో జాడించి, రంగునీళ్లలో ఉడకబెట్టి తీసే ఆ బట్టంటే నాకు ప్రాణం. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టుకున్నది ముఖ్యంగా మన బట్టల కోసమే. మన తీరంలో అద్దిన బట్టలు పలంపోర్లనే పేరుతో ఓడలెక్కి, ఐరోపాలో మంచాల మీద దుప్పట్లయ్యాయి, బొంతలయ్యాయి. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే 1721లో బ్రిటన్ పార్లమెంటు అద్దకం నూలుబట్టలు కట్టుకోకూడదని చట్టమే చేసింది. ఇదంతా చదివి పెట్టుకున్నాను. సంచి చేతిలో పెట్టేటప్పుడు పెద్దమ్మకి ఈ కథ చెప్పాలని కూడా అనుకున్నాను. చరిత్ర మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఆవిడ కళ్లజోడు మీద పెట్టలేదు.

లోపలి అస్తరు కోసం బీరువా అంతా వెతికితే నా పెళ్లి పట్టుచీర తాలూకు జరీ ముక్క దొరికింది. జానెడు వెడల్పు అంచు, మెరుపు ఇంకా తగ్గలేదు. సంచి మూతి తెరవగానే లోపల బంగారు రంగు తళుక్కుమంటే ఎంత బాగుంటుందో అనిపించింది. ఆ తళుకు తలుచుకుని మురిసిపోయాను. జరీ అంటే దారానికి చుట్టిన సన్నటి లోహపు తీగ అన్న సంగతి తెలియనిదాన్ని కాదు. తెలిసిన విషయం చేతిలోకి రాలేదు.

కొలతలు నా కళ్లజోడుకే తీసుకున్నాను. ఆవిడది అక్కడుంది, నాది ఇక్కడుంది, ఏదైనా కళ్లజోడేగా అనుకున్నాను. నాది సన్నటి తీగ ఫ్రేము, మడిచాక చుట్టూ టేపు పెడితే అయిదున్నర అంగుళాలు. ఆవిడది లావుపాటి ప్లాస్టిక్ ఫ్రేము. మడతబందుల దగ్గర చుట్టుకొలత ఆరున్నర. బట్టని ఉతక్కుండానే ఏడున్నర అంగుళాలు కత్తిరించాను. మధ్యలో పాత టవలు ముక్క పెట్టి, సుద్దతో ఏటవాలు గీతలు గీసి, ముప్పావు అంగుళం ఎడంతో డైమండ్ కుట్టు కుట్టాను. మూడు పొరలు కలిపి కుట్టినప్పుడు ప్రతి కుట్టు దగ్గరా బట్ట కొంచెం లోపలికి లాక్కుంటుంది. అందుకే బొంత ముందు కుట్టి, కొలత తర్వాత కత్తిరించాలి. నేను ముందే కత్తిరించాను కాబట్టి పావు అంగుళం అక్కడ పోయింది. పక్క కుట్లకి అర అంగుళం పోయింది. పొరల మందం లోపల ఇంకొంత తినేసింది. పూర్తయ్యాక నా కళ్లజోడు పెట్టి చూస్తే చక్కగా దూరింది. మూతికి టిచ్ బటన్ కుట్టాను.

సంక్రాంతికి వెళ్లి ఇచ్చాను. పెద్దమ్మ కుట్లన్నీ వేలితో తడిమి, "బాగా వచ్చాయే అమ్మాయ్, ఎక్కడా వంకర పోలేదు" అంది. సంచి మూతి తెరిచి బొటనవేలు లోపలికి పెట్టి రాసింది. ఏమీ అనలేదు. మాట రానంత నచ్చిందనుకున్నాను. ఫొటో తీసి చుట్టాలందరికీ పంపించాను. వాళ్లు మెచ్చుకున్న మాటలన్నీ ఆవిడకి చదివి వినిపించాను. తర్వాత ఫోను చేసిన ప్రతిసారీ, "సంచి వాడుతున్నావా పెద్దమ్మా?" అని అడిగేదాన్ని. "వాడుతున్నానే" అనేది.

వినాయకచవితికి వెళ్లినప్పుడు ఆవిడ వ్రతకల్పం పుస్తకాన్ని ఒక పక్కకి వాల్చి, మెడ వంచి చదువుతోంది. ఏమిటని అడిగితే, "చూపు మళ్లీ మందగిస్తోందే. ఆపరేషన్ వికటించిందేమో, వయసొచ్చాక ఇక ఇంతేలే" అంది. నెమ్మదిగానే అంది. ఎన్నాళ్లుగా అలా అనుకుంటోందో నాకు తెలియదు. కళ్లజోడు తీసుకుని ట్యూబులైటు వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాను. అద్దాల మధ్యలో సన్నటి గీతలు, వెంట్రుక కంటే సన్నం, పదులకొద్దీ. అన్నీ ఒకే వైపు సాగి ఉన్నాయి, కళ్లజోడు సంచిలోకి దూరే దారి వెంట. నా చేతులు చల్లబడిపోయాయి.

ఆ రాత్రి పడుకునేటప్పుడు ఆవిడని గమనించాను. కళ్లజోడు తీసి సంచిలో పెట్టబోయింది. దూరలేదు. అటూ ఇటూ తిప్పి, వేళ్లతో లోపలికి నెట్టింది. జరీ పోగుల్లో చేరిన దుమ్ముతో సహా అద్దం ఆ ఇరుకులోంచి రాసుకుంటూ వెళ్లింది. ఇక టిచ్ బటన్. కళ్లజోడు తీసేశాక ఆవిడకి దగ్గర్లో ఉన్నదేదీ ఆనదు. రెండు చేతులతో తడుముకుంటూ, పై బొడిపె కింది గుంటలో పడేదాకా నాలుగైదు సార్లు నొక్కింది. కళ్లజోడు సంచి తెరిచేదీ మూసేదీ ఎప్పుడూ కళ్లజోడు లేని మనిషే. కుట్టినన్నాళ్లూ నేను నా కళ్లజోడు పెట్టుకునే ఆ బటన్‌తో ఆడుకున్నాను.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. శుక్లాల ఆపరేషన్ తర్వాత కొందరికి లోపలి పొర మసకబారుతుంది కాబట్టి అదీ చూశారు. కళ్లు బాగున్నాయి, అద్దాలే మార్చాలి అన్నారు. ఆ నిమిషంలో నిజం చెప్పి ఉండాల్సింది. "కళ్లజోడు పాతబడింది పెద్దమ్మా, కొత్తది తీసుకుందాం" అన్నాను. కొత్త అద్దాలు వేయించాను. సంచి మాత్రం, కుట్టు ఊడింది, బాగుచేసి తెస్తానని అబద్ధం చెప్పి నా బ్యాగులో వేసుకున్నాను. సంచి ఇరుకవడం కొలత తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. నా చేతిపనికి మచ్చ రాకూడదని, తన కళ్లే పాడయ్యాయనుకుంటూ ఆవిడ గడిపిన రోజులకి కారణం దాచిపెట్టాను.

కార్తీకంలో వెళ్లేసరికి తులసికోట దగ్గర కూర్చుని వత్తులు చేస్తోంది. పక్కన కూర్చుని దూది తీసుకున్నాను. రెండు వత్తులు చేశాక చెప్పేశాను. జరీ సంగతి, కొలత సంగతి, అబద్ధం సంగతి.

వత్తి నలుపుతూనే ఉంది. "లోపల గరగరలాడుతోందని ఆ రోజే అనుకున్నానే. చేటంత మొహం చేసుకుని ఎదురుగా కూర్చుంటే ఏం చెప్పమంటావు?"

"మరి రుమాల్లోనే పెట్టుకోకపోయావా?"

"ఫోను చేసినప్పుడల్లా వాడుతున్నావా, వాడుతున్నావా అని అడిగేదానివి కదా" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఆవిడే లేచి పెట్టె తీసి, తెల్లబడిపోయిన ఒక నేత చీర నా ఒళ్లో వేసింది. "ఒంటికి తగిలే వైపు మెత్తది కదా వెయ్యాలి" అంది.

రెండోది ఆవిడ ఎదురుగానే కుట్టాను. మిషన్ లేదు, చేతికుట్టే. టేపు ఆవిడ కళ్లజోడు చుట్టూ, మడతబందుల దగ్గరే పెట్టాను. పెడన బట్ట మిగిలిన ముక్కని ముందు ఉతికి ఆరేశాను. పెద్ద ముక్కగా బొంత కుట్టి, ఆ తర్వాతే ఎనిమిదిన్నర అంగుళాలు కత్తిరించాను. బటన్ వద్దంది. మూతి దగ్గర వెనక వైపు అంగుళం ఎత్తు ఎక్కువ ఉంచమంది, చీకట్లో వేలికి తెలిసేలా. టవలు ముక్కకి బదులు అదే చీర ఇంకో రెండు పొరలు పెట్టాం. సగం కుట్లు ఆవిడవి, సగం నావి.

మీరు కూడా పెద్దవాళ్లకి ఇలాంటి సంచి కుడుతుంటే, వాళ్ల కళ్లజోడు ఒక పూట అడిగి తెచ్చుకుని దానికే కొలతలు తీయండి. లోపల వేయబోయే గుడ్డని ముందు మీ కనురెప్ప మీద ఒకసారి రాసి చూడండి. ఇచ్చాక, వాడుతున్నారా అని మాత్రం అడగకండి.