చూడనివాళ్లకే బాగా తెలిసిన నిజాం

మా రోజుల్లో నిజాం గురించి నోరు విప్పాలంటే మనిషికి ఏదో ఒక అర్హత ఉండేది. ఆయన జైల్లో చిప్పకూడైనా తిని ఉండాలి, ఆయన కొలువులో జీతమైనా తీసుకుని ఉండాలి, తక్కువలో తక్కువ ఆయన కట్టించిన కాలువ కింద ఒక పంటైనా తీసి ఉండాలి. ఇప్పుడు ఆ బాధ లేదు, సెల్‌ఫోన్ ఉంటే చాలు. పొద్దున లేచేసరికి ఒక గ్రూపులో ఆయన ధర్మప్రభువు, ఇంకో గ్రూపులో నరరూప రాక్షసుడు. రెండూ పంపినవాడు ఒక్కడే అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. చదివి పంపే రోజులా ఇవి!

మొన్న మా మనవడు వచ్చి కూర్చున్నాడు. "తాతా, యుద్ధమప్పుడు నిజాం దేశానికి ఐదు వేల కిలోల బంగారం ఊరికే ఇచ్చిండట, తెల్సా?"

"ఎవరు చెప్పిండ్రురా?"

"అందరూ పెడ్తున్నరు తాతా."

అందరూ పెడితే నిజమైపోతుందా? 1965లో ఆయన ఇచ్చింది 425 కిలోలు. అదీ దానం కాదు, నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో ఆరున్నర శాతం వడ్డీకి పెట్టిన పెట్టుబడి. దేశానికి అవసరమైనప్పుడు బంగారం బయటికి తీయడం మంచి పనే, కాదనను. కానీ వడ్డీని మింగేసి, కిలోల పక్కన సున్నాలు పెంచి, దాన్ని దానంగా మార్చడం ఏం పని? మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వడ్డీ వదిలేశాడంటే మా నాయిన తరంవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

ఎందుకంటే వాళ్లు ఆయన్ని చూశారు. 1937లో టైమ్ పత్రిక ఆయన బొమ్మ ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. ఆ ధనవంతుడి నెత్తిన మాసిపోయిన పాత రూమీ టోపీ, నోట్లో కూలోళ్లు కాల్చే చార్మినార్ సిగరెట్టు. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ బూటులో దాచిన జాకబ్ వజ్రం దొరికితే, కాయితాలు ఎగిరిపోకుండా బల్ల మీద బరువుగా పెట్టుకున్నాడని చెప్పుకునేవారు. రమారమి 185 క్యారెట్ల వజ్రం మరి! పిసినారి అని ఊరంతా నవ్వుకున్నది నిజమే. ఇప్పటి ధనవంతుల్ని చూడండి. బ్యాంకు అప్పు మీద కారు, ఆ కారు మీద పూలు, ఆ పూల మీద డ్రోను కెమెరా. ఒక్క పెళ్లికి పెట్టే ఖర్చుతో ఒక ఊరి చెరువు పూడిక తీయొచ్చు. తీస్తారా?

చెరువంటే గుర్తొచ్చింది. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చెప్పినట్టు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920కి, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. వరద ఆగింది, ఊరికి మంచినీళ్లొచ్చాయి. ఉస్మాన్‌సాగర్‌నే మేం గండిపేట అంటాం. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడనే మాట ఊరికే పుట్టలేదు. మా ఇంట్లో వేసవిలో కొత్త కుండలో పోసిన ఆ నీళ్లకు ఒక తీపి ఉండేది. ఇప్పుడు? ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు అదుపులో ఉండాలని 1996లో 111 జీవో తెచ్చుకున్నాం. 2022లో ఇంకో జీవో తెచ్చి ఆ ఆంక్షలు ఎత్తేసుకున్నాం. నీళ్ల పక్కన విల్లా కొనుక్కుని, తాగడానికి మాత్రం ప్లాస్టిక్ డబ్బా తెప్పించుకునే తెలివి మా రోజుల్లో ఎవరికీ లేదు.

మంజీర మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టిన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. ఆ నీళ్లతో బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది, దాని వెనక నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఇప్పుడు జలాశయంలో పూడిక, 2015 నుంచి ఫ్యాక్టరీకి తాళం. అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2020 జులై వానలకు వార్డుల్లోకి మురికినీళ్లొచ్చాయి, పాత భవనం మూతపడింది. గోషామహల్‌లో కొత్తదానికి శంకుస్థాపన చేయడానికి 2025 దాకా పట్టింది. మహల్ లాంటి భవనంలో పేదవాడికి ఉచితంగా వైద్యం చేయడం రాజుల కాలంలో కుదిరింది. పాత గోడలకు మరమ్మతు చేయించడం మన ఓట్ల కాలంలో కుదరలేదు.

ఇక చదువు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. ఇంగ్లీషులో కాదు, ఉర్దూలో. దానికోసం దారుల్ తర్జుమా అని అనువాద శాఖనే పెట్టి, లెక్కలు, సైన్సు, వైద్యం అన్నీ ఉర్దూలోకి దించారు. సొంత రాష్ట్రం, సొంత ప్రభుత్వం ఉన్న మనం ఒక ఇంజనీరింగ్ పుస్తకాన్ని తెలుగులో చక్కగా తెచ్చుకోలేకపోయాం. మా మనవడికి ఉర్దూ రాదు, తెలుగు చదవలేడు, ఇంగ్లీషు వచ్చనుకుంటాడు.

ఇంతవరకూ చదివి, ముసలాయన నిజాం భక్తుడని గ్రూపులో పెట్టేయకండి. అసలు కథ ఇంకా ఉంది.

రాజ్యంలో సగంమంది తెలుగువాళ్లు, పెద్ద చదువు మాత్రం ఉర్దూలో. ఊళ్లో పిల్లాడికి బడే అందదు, అందినా పైకి వెళ్తే తల్లి భాష పనికిరాదు. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందే సర్కారు అనుమతి కావాలి. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థుల్ని వందల్లో వెళ్లగొట్టారు. నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకోబట్టి వాళ్ల చదువు నిలిచింది. వాళ్లలో ఒకాయన పి.వి. నరసింహారావు. సర్ఫేఖాస్ అని రాజ్యంలో దాదాపు పదో వంతు భూమి ఆదాయం నేరుగా ఆయన సొంత ఖజానాకే పోయేది. ఊళ్లలో దేశ్‌ముఖ్‌ల గడీలు, వెట్టి. మా తాత గడీలో వెట్టి చేశాడు, కూలి అడిగే నోరు లేదు. ఆఖర్న రజాకార్లు. ఇమ్రోజ్ పత్రికలో వాళ్లకు ఎదురు రాసినందుకు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో నరికారు. గద్దె మీద ఉన్నది ఎవరు? ఆయనే. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ పేరు చెప్పి ఆయన్ని పక్కకు తప్పించే పోస్టులు కూడా చూస్తున్నాను. అదీ కుదరదు.

1948 సెప్టెంబరు 17న లొంగిపోయాడు. మరుసటి ఏడాది పటేల్ బేగంపేటలో దిగితే చేతులు జోడించి ఎదురొచ్చాడు. 1950 నుంచి 1956 దాకా అదే మనిషి రాజ్‌ప్రముఖ్, ఏడాదికి యాభై లక్షల రాజభరణం. అటు లండన్ బ్యాంకులో పది లక్షల పౌండ్ల కోసం మొదలైన తగువు 2019లో తెగింది. ఆయన తరఫు మనిషి ఆ సొమ్మును 1948లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్చాడు. తీర్పు నాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. మనుషులు పోయారు, రాజ్యం పోయింది, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది.

మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. జీతం నిజాం సొంత నాణెం హాలీ సిక్కాలో వచ్చేది, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ రూపాయలు. ఒక వెండి రూపాయి ఖర్చుపెట్టకుండా దాచాడు. ఇప్పుడది నా దగ్గరుంది. ఒకవైపు చార్మినార్, నడిమి కమానులో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరం 'ఐన్'. అచ్చు అరిగినా వేలికి ఇంకా తగులుతుంది. 1967 ఫిబ్రవరి 24న కింగ్‌కోఠీలో ఆయన పోయాడు. శవయాత్రకు ఊరు ఊరంతా కదిలింది, సర్కారు ఆఫీసులు మూశారు. మా నాయిన కూడా సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. మా తాత వెట్టి సంగతి తెలిసినవాణ్ని కనుక, ఎందుకొచ్చినం అని అడిగాను. "ఆయన నీళ్లు తాగినం, ఆయన రాజ్యంల దెబ్బలూ తిన్నం. రెండూ నిజమే బిడ్డా, ఒకటి చెప్పి ఒకటి దాస్తె అబద్ధమైతది" అన్నాడు. నాలుగో తరగతి చదివిన మనిషి.

దెబ్బలు తిన్నవాళ్లకు అంత నిదానం ఉంది. ఒక్క దెబ్బా తినని, ఒక్క చుక్కా ఆ నీళ్ల రుచి తెలియని ఈ కాలంవాళ్లకు ఎందుకింత ఆవేశమో నాకర్థం కాదు. పొగిడితే గండిపేట శుభ్రం కాదు, తిడితే వెట్టి చేసినవాడి కూలి తిరిగి రాదు.

కాబట్టి నాయనలారా, ఇకమీద నిజాం మీద ఏదైనా పంపాలనిపిస్తే ముందు మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్లెవరైనా ఉంటే వాళ్లనడగండి. తొందరగా అడగండి, ఎక్కువమందిమి లేము. వాళ్లు చెప్పింది మంచీ చెడ్డా రెండూ రాసి పంపండి. సగం రాసి మాత్రం నాకు పంపకండి.