పాఠం మారదు, పిల్లాడే మారాలి

మన బడుల్లో ఉన్నంత సమానత్వం ఇంకెక్కడా దొరకదు. చూపు లేని పాపకీ, వినపడని బాబుకీ, అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా పిల్లాడికీ ఒకటే పుస్తకం, ఒకటే ప్రశ్నపత్రం, ఒకటే బెత్తం. పక్షపాతం ఉందంటే ఒట్టు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టానికి ఈ సమానత్వం నచ్చలేదు. పాఠ్యప్రణాళికనూ పరీక్షలనూ పిల్లల అవసరాన్ని బట్టి మార్చమంది 17వ సెక్షన్. అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇమ్మంది.

మార్చలేదా ఏం? ర్యాంపు కట్టాం. గడపకు జానెడు కిందే అది ఆగిపోతే తప్పు మేస్త్రీది. ‘బొమ్మ చూసి మాట్లాడండి’ అన్నచోట చూపు లేని పాపకు విశ్రాంతి ఇచ్చాం. ‘పద్యం రాగంతో పాడండి’ అన్నచోట వినపడని బాబును చప్పట్లు కొట్టమన్నాం. ‘మ’ రాయమంటే ‘వ’ రాసేవాడికి వందసార్లు ఇంపోజిషన్ ఇచ్చాం. వాడు వందసార్లూ ‘వ’నే రాశాడు, చేతిరాత మాత్రం గుండ్రంగా కుదిరింది.

నిజానికి పాఠాన్ని మార్చడమేమీ బ్రహ్మవిద్య కాదు. పటంలో నది వెంట గమ్ముతో దారం అంటిస్తే ఆ పాప వేలితోనే నాసిక్ నుంచి రాజమండ్రి దాకా గోదావరి వెంట వెళ్తుంది. రాయలేనివాడు నోటితో చెప్పినంత మాత్రాన ఏడెనిమిదులు యాభై ఆరు కాకపోదు. కానీ ఆ దారం ఫొటో ఏ యాప్‌లో అప్‌లోడ్ చెయ్యాలి? దానికి కాలమ్ లేదు. కాలమ్ లేని పని చేస్తే మెమో రావచ్చు.

ప్రత్యేక ఉపాధ్యాయులంటారా? ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక టీచరు, పైతరగతుల్లో పదిహేనుమందికి ఒక టీచరు చొప్పున ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోస్టులను నోటిఫై చెయ్యమని 2025లో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయినా మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉందిగా, అక్కడికి పంపితే మన బాధ్యత తీరిపోయినట్టే. ఆ పోస్టులు భర్తీ అయ్యేలోగా పిల్లలు పెద్దవాళ్లై బడి దాటిపోతారు. సమస్య దానంతటదే పరిష్కారమైపోతుంది, నోటిఫికేషన్ ఖర్చు కూడా ఉండదు.

అమ్మానాన్నలకు ఒక మాట. పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్లకముందే వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్టు పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లండి. స్క్రైబ్, అదనపు సమయం, భాష మినహాయింపు కావాలని కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. మీరు అడుగుతున్నది దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు.