రెండు శ్లాబుల మధ్య మనుబోలు

మనుబోలు చుట్టుపక్కల కరెంటుకు కొదవ లేదు. ముత్తుకూరు మండలం నేలటూరులో 2,400 మెగావాట్ల థర్మల్ కేంద్రం బొగ్గు కాలుస్తోంది. మనుబోలులోనే 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. హైటెన్షన్ తీగలు మన వరిచేల మీదుగానే దేశాటనకు వెళ్తున్నాయి. కొరతల్లా ఇళ్లలో నిద్రకే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు పెద్దలు. మనం రోళ్లను పెరట్లో పారేసి, నెత్తిన సిమెంటు శ్లాబు పెట్టుకున్నాం. పగలంతా తాగిన ఎండను అది రాత్రి పదింటికి మంచం మీదికి దించుతుంది, ఫ్యాను దాన్నే కొసరి కొసరి వడ్డిస్తుంది. ఇక ఏసీ తప్పదు. మేస్త్రీకి కూలిచ్చి లోపలికి తెచ్చుకున్న వేడిని, నెలనెలా బిల్లు కట్టి బయటికి తోలుకోవడమన్నమాట.

దీనికి ప్రభుత్వం దగ్గర మందు లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. మంచి పథకమే, పలకల కింద కాస్త నీడ కూడా దక్కుతుంది. కానీ వాటికి మూడు వందల చదరపు అడుగులు చాలు, మిగతా మేడంతా ఎండపాలే. ఎండను తిప్పికొట్టే తెల్ల సున్నం ఆ మేడకు కొట్టమని చెప్పే నాథుడు లేడు. కారణం ఊహించలేనిదేమీ కాదు. పుట్టిన యూనిట్టుకు ప్రారంభోత్సవం ఉంటుంది, మిగిలిన యూనిట్టుకు మీటరులో అంకె కూడా ఉండదు. సున్నం బకెట్టుకు రిబ్బను కట్టి కత్తిరించే నాయకుడు ఇంకా పుట్టలేదు.

సున్నం వానకు కొట్టుకుపోతుందిగా అంటారు. పోతుంది. బిల్లు మాత్రం ఏ వానకూ కొట్టుకుపోదు. పండక్కి గోడలకు వేసే సున్నంలోనే కాస్త బంక కలిపి ఏడాదికోసారి మేడెక్కిస్తే సరిపోతుంది. మేడతో పాటు ఫ్యానూ మార్చుకోవచ్చు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను ఖరీదెక్కువ అంటారు. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30తో సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులు. ఆ 16 కూడా ఖరీదైన యూనిట్లే. బిల్లులోనూ శ్లాబులుంటాయి కదా, మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 400 దాటినవి 9.75 చొప్పున. తగ్గించినప్పుడు ముందు రాలేది పై మెట్టు యూనిట్లే. అద్దెకున్నవాళ్ల సంగతేమిటన్నది మాత్రం గట్టి ప్రశ్న. మేడ ఒకరిది, బిల్లు ఇంకొకరిది. ఫ్యానునైతే ఇల్లు మారేటప్పుడు విప్పుకుపోవచ్చు, మేడను విప్పలేరు. కాబట్టి సున్నం బాధ్యత యజమానిదే. ఏటా అద్దె పెంచడం మరచిపోని మనిషికి ఏటా సున్నం గుర్తుండకపోదు.

పైనున్న శ్లాబు చల్లబడితే బిల్లులోని శ్లాబు దానంతటదే దిగుతుంది. సోలారుకు దరఖాస్తు పెట్టండి, వద్దనం. అది మంజూరయ్యేలోగా ఒక్క ఆదివారం సున్నంతో మేడెక్కండి. దానికి ఏ ఆఫీసు సంతకమూ అక్కర్లేదు.