ట్రంప్ గారి వీధి, హోచిమిన్ గారి గుమ్మం

వార్త వచ్చిన రాత్రే హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "చూశావా బావా, ఇక్కడి అమెరికా కాన్సులేట్ రోడ్డుకి డొనాల్డ్ ట్రంప్ అవెన్యూ అని పెడుతున్నారు. మీ కలకత్తా వాళ్ళకి ఇలాంటి ఐడియా జన్మలో వస్తుందా?" అన్నాడు.

వచ్చింది నాయనా. యాభై ఏళ్ళకి పైనే అయింది. కాకపోతే మీది పూలదండ, వీళ్ళది చెప్పులదండ.

ఇక్కడ అమెరికా కాన్సులేట్ చిరునామా 5/1, హోచిమిన్ సరణి. వియత్నాం మీద బాంబులు కురుస్తున్న రోజుల్లో, "ఆమార్ నామ్, తోమార్ నామ్, వియత్నాం" అంటూ చౌరంగీ నిండా ఊరేగింపులు నడుస్తున్న రోజుల్లో, హ్యారింగ్టన్ స్ట్రీట్ పేరు పీకేసి, అమెరికా ఎవరితో యుద్ధం చేస్తోందో సరిగ్గా ఆయన పేరే వాళ్ళ గుమ్మం ముందు తగిలించారు. వీసా కాగితం మీదా, విందు ఆహ్వానం మీదా, అమెరికా స్వహస్తాలతో శత్రువు పేరు రాసుకోవాల్సిందే. పాపం బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ కూడా అదే వీధి. పక్కింటి వాళ్ళ మీద పోసిన కుడితి వీళ్ళ పంచెల మీదా పడింది.

మొదట్లో నాకూ ఇది మహా కొంటెపనిలా తోచేది. వచ్చిన చుట్టాలందరికీ ఆ బోర్డు చూపించి మురిసిపోయేవాణ్ణి.

రెండేళ్ళ కిందట మా మేనల్లుడికి హైదరాబాదులో వీసా స్లాట్ దొరక్క ఇక్కడికొచ్చాడు. పొద్దున్నే పసుపు టాక్సీ ఎక్కాం. వాడు ఫోన్‌లో చూసి ఎంతో శ్రద్ధగా "హోచిమిన్ సరణి" అన్నాడు. డ్రైవరు కదల్లేదు. అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. వాడు ఇంకొంచెం గట్టిగా అన్నాడు. నేను కలగజేసుకుని "హ్యారింగ్టన్ స్ట్రీట్" అనేసరికి "ఓ! తాయ్ బోలూన్!" అని గేరు వేశాడు. ఆ మాట ముందే చెప్పొచ్చుగా అని. ఆ హ్యారింగ్టన్ దొర ఎవరో డ్రైవరుకి అక్కర్లేదు. హోచిమిన్ ఎవరో అంతకన్నా అక్కర్లేదు. అమెరికా మీద కలకత్తా విసిరిన రాయి అర్ధశతాబ్దం నుంచి గాల్లోనే ఉందన్నమాట.

కాన్సులేట్ బయట క్యూలో సగం మంది మనవాళ్ళే. మట్టి ముంతలో టీ పట్టుకుని నిలబడితే, గుంటూరు వైపు యాస పెద్దాయనొకరు, కొడుకు ఫైలు గుండెలకి హత్తుకుని, బోర్డు చూస్తూ అడిగారు. "ఏవండీ, ఈ హోచిమిన్ గారు పాత అమెరికా ప్రెసిడెంటాండీ?"

"కాదండీ, వియత్నాం ఆయన. అమెరికాతో యుద్ధం చేశాడు."

ఆయన గబుక్కున అటూ ఇటూ చూసి, "నెమ్మదిగా అనండి బాబూ, లోపల వినబడితే పిల్లాడికి వీసా కొట్టేస్తారు" అన్నారు.

అంటే ఇన్నేళ్ళ తర్వాత ఆ బోర్డుని చూసి భయపడ్డవాడు అమెరికావాడు కాదు, కొడుకు చదువుకి అప్పు చేసిన తెలుగు తండ్రి! అమెరికా, వియత్నాం 1995లోనే చేతులు కలిపి వ్యాపారం చేసుకుంటున్నాయి. తిట్టుకి గడువు తీరింది, బోర్డు మిగిలింది. మరి పొగడ్తకి గడువెంత? లెక్క సులువు. ట్రంప్ గారి పదవీకాలం 2029 జనవరి 20తో సరి. ఆ తర్వాత వచ్చే ఆయన ఈయనకి గిట్టనివాడైతే ఏం చేస్తారో? బోర్డు తిరగేసి వెనకవైపు రాస్తారా?

ఈ పిచ్చి ఒక్క వీధితో ఆగలేదు. ధర్మతలాకి లెనిన్ పేరు పెట్టారు, బస్సు కండక్టర్లు ఇవాళ్టికీ "ధర్మతలా, ధర్మతలా" అనే అరుస్తారు. చౌరంగీకి నెహ్రూ పేరు, థియేటర్ రోడ్డుకి షేక్‌స్పియర్ పేరు. పార్క్ స్ట్రీట్ కథ ఇంకా ఘోరం. 2004లో దానికి మదర్ థెరిసా సరణి అని పెట్టారు. ఊళ్ళో ఖరీదైన తిండికీ, మందుకీ పేరుమోసిన వీధి అది. ఆకలితో చచ్చేవాళ్ళని ఎత్తుకొచ్చి సాకిన ఆవిడకి ఈ ఊరు కట్టిన కట్నం! పోనీ ఆవిడ ఉన్నది ఆ వీధిలోనా? కాదు, ఆవిడ ఆశ్రమం జగదీశ్ చంద్ర బోస్ రోడ్డులో. మరి బోస్ గారి ఇల్లు, ఆయన 1917లో కట్టిన పరిశోధనాలయం? అవి ప్రఫుల్ల చంద్ర రోడ్డులో. ఎవరి పేరు ఎవరి ఇంటి ముందుందో తెలియక, ఈ ఊరి మహాత్ములంతా ఒకరి చెప్పులు ఒకరు తొడుక్కుని తిరుగుతున్నారు.

మెట్రో స్టేషన్ల సంగతి ఎత్తను. కవి సుభాష్ స్టేషన్, స్తంభాలు పదిహేనేళ్ళకే బీటలువారి, 2025 జులైలో మూతపడింది. కవి మీద గౌరవం ఆ స్తంభాల వల్ల పెరిగిందో తగ్గిందో మీరే తేల్చండి.

మన వైపు తక్కువ తిన్నారా? బెజవాడ ఏలూరు రోడ్డుకి కాగితాల మీద పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు. "మార్క్స్ రోడ్డుకి పోనీయ్" అని ఆటో అడిగి చూడండి. అదే బెంజ్ సర్కిల్‌కి పేరు పెట్టమని ఏ శాసనసభా తీర్మానించలేదు, జనం పిలిచారు, నిలిచింది. ఇప్పుడు హైదరాబాదులో విప్రో జంక్షన్ అని కూడా పెడతారట. విప్రో సర్కిల్ అని జనం ఎన్నడో పెట్టేశారు. పెళ్ళయి పిల్లలు పుట్టాక సర్కారు అక్షింతలు పట్టుకొచ్చింది. ఇంకో రోడ్డుకి పెడతామంటున్న రతన్ టాటా పేరు గురించి మాత్రం కిక్కురుమనను. 2008లో సింగూరు నుంచి ఆయన కారు ఫ్యాక్టరీని సాగనంపిన రాష్ట్రంలో ఉంటున్నవాణ్ణి.

ఇక నాకు హాస్యం రావట్లేదు.

ఎవరికి పెడుతున్నారీ దండ? బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్1బీ ఉద్యోగికి లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో సంతకం పెట్టినాయనకి. ఆ రాత్రి తెలుగిళ్ళలో ఎంతమందికి నిద్ర పట్టలేదో మీకు తెలీదా? మన సరుకు మీద 2025లో 50 శాతం సుంకం వేసినాయనకి. భీమవరం రొయ్యల రైతుని ఒక్కమాట అడిగారా? ఇంట్లో దెబ్బలు తిని, కొట్టినవాడి పేరు పచ్చబొట్టు పొడిపించుకోవడం కాదా ఇది? పెట్టుబడులొస్తాయంటారు. బోర్డు చూసి డబ్బు పెట్టే వ్యాపారి ఎవడండీ?

పేరు మార్చడం సర్కార్లన్నిటికీ ఎందుకంత ఇష్టమో నాకు 2025 సెప్టెంబరు 23న అర్థమైంది. దుర్గాపూజలకి కొద్ది రోజుల ముందు, రాత్రికి రాత్రి పడ్డ వానకి ఈ ఊరు మునిగింది. నిలిచిన నీళ్ళలో కరెంటు పాకి మనుషులు చనిపోయారు. ఒకరా ఇద్దరా, పదిమంది దాకా. రోడ్లన్నిటికీ మహానుభావుల పేర్లున్నాయి. వేలాడే వైరుకి మాత్రం ఎవరి పేరూ లేదు. కాలవ పూడిక తియ్యాలంటే ఏళ్ళు పడుతుంది, డబ్బవుతుంది, ఎవరూ ఫొటో తియ్యరు. బోర్డుకి ఒక రేకు, ఒక డబ్బా రంగు, నాలుగు మేకులు చాలు. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1998లో ఎన్టీఆర్ పేరుది, 2022లో వైఎస్సార్ పేరుది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరుది. ఇన్ని పేర్లు మారిస్తే ఒక్క పడక పెరిగిందా సర్కారు ఆసుపత్రిలో? సిగ్గుండాలి.

అర్జెంటీనా వాళ్ళే నయం. బ్యూనస్ ఎయిర్స్ నడిబొడ్డున అంత పెద్ద అవెన్యూకి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తేదీ పేరు పెట్టుకున్నారు, జులై 9 అని. తేదీ పార్టీ మారదు, సుంకాలు వెయ్యదు, దాని మనవళ్ళు ఎన్నికల్లో నిలబడరు.

నిన్న బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు, సంక్రాంతికి వాళ్ళ కొత్త ఫ్లాట్‌కి రమ్మని. దారెలా అన్నాను. "ఏముంది బావా, విప్రో సర్కిల్ దాటాక కాన్సులేట్ గోడ పట్టుకుని వచ్చెయ్. పాత కల్లు దుకాణం ఎవర్నడిగినా చెప్తారు, దాని పక్క సందే" అన్నాడు.