మా వాడి ఇంటి కింద ఓసీ

మా టేకులపల్లి మండలంలో మనిషి భూమి తవ్వాడంటే కారణాలు మూడే: బోరు, సెప్టిక్ ట్యాంకు, బొగ్గు. నాలుగో కారణంతో ఎవరైనా గునపం ఎత్తితే గుప్తనిధుల కోసమేనని తెల్లారేసరికి ఊరంతా గుమిగూడుతుంది. నిమ్మకాయలు కనిపించాయా లేదా అన్నది మొదటి ప్రశ్న. అందుకే న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఇల్లు కొన్న మా అబ్బాయి “నాన్నా, ఇంటి కింద ఇంకో ఇల్లుంది” అనగానే మా ఆవిడ ఫోను లాక్కుని, “అమ్మినవాళ్లు మంచివాళ్లేనా?” అని అడిగింది.

అక్కడ చలికాలంలో నేల మూడడుగుల లోతు దాకా గడ్డకడుతుంది. పునాది అంతకన్నా కిందికి పోకపోతే ఆ మంచు ఇంటిని పైకి నెడుతుంది. ఎటూ తవ్వాం కదా అని ఇంకాస్త తవ్వి గది కట్టేస్తారు. మా వాడు ఆ గదిలో తివాచీ పరిచి, గోడంత టీవీ పెట్టి, ఆవకాయ జాడీలూ, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లూ దాంట్లోకే చేర్చాడు. వీడియోలో అన్నీ వరసగా చూపిస్తుంటే నాకు ఆవలింతలొచ్చాయి. చివర్లో ఓ మూలన మూత ఎత్తాడు. గొయ్యి. గోతిలో నీళ్లు. నీళ్లలో మోటారు.

లేచి కూర్చున్నాను. సింగరేణిలో పంపు ఖలాసీగా బతుకంతా గడిపినవాణ్ని. మా కోయగూడెం ఓసీని, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిని, ఎవరో కుదించి మా వాడి ఇంటి కింద దాచిపెట్టారు!

ఏర్పాటు అచ్చం మాదే. ఓసీలో బెంచీల మీద పడ్డ వానా, రాతి పగుళ్లలో ఊరిన నీరూ పల్లానికి జారి అడుగున సంపులో చేరతాయి. అక్కణ్నుంచి పంపులు పైకి తోడతాయి. వాడింట్లో పునాది చుట్టూ చిల్లుల పైపు వేసి గోతిలోకి వదిలారు. నీరు పెరిగితే ఫ్లోటు లేస్తుంది, మోటారు తిరుగుతుంది. తగ్గితే ఆగుతుంది. ఎక్కిన నీరు వెనక్కి రాకుండా పైపులో చెక్ వాల్వు. తేడా ఒకటే. మా దగ్గర ఫ్లోటు నేనే. నీరు పెరిగితే నేను లేవాలి. లేవకపోతే ఓవర్‌మన్ లేపుతాడు. లేపేటప్పుడు ఆయన వాడే మాటలు పత్రికలో వేసుకునేవి కావు.

మా సింగరేణి కథకొస్తే, 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఒక బొగ్గు పొరకి ఆయన పేరే పెట్టి కింగ్ సీమ్ అన్నారు. అప్పట్నుంచీ నీళ్లు తోడుతున్నవాళ్ల పేరు మీద మాత్రం ఏ పొరా లేదు. వానాకాలంలో పేపర్లో మా ప్రస్తావన వస్తుంది, అదీ ‘ఓసీలో నిలిచిన నీరు, ఆగిన ఉత్పత్తి’ అని.

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను పోతూ పోతూ న్యూయార్క్, న్యూజెర్సీల మీద విరుచుకుపడింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన. మాకిక్కడ తెల్లారుతుండగా ఫోను. “నాన్నా, కరెంటు పోయింది!” అమెరికాలో కూడానా అని, తండ్రిగా రాకూడదు గానీ, నవ్వొచ్చింది. వానకీ కరెంటుకీ పడకపోవడం ఖండాంతర విషయమన్నమాట. కోడలు ఇడ్లీపిండి గిన్నెతో గోతిలో నీళ్లు తోడుతోంది. కాసేపటికి కరెంటు వచ్చింది, మోటారు మూలిగింది, తిరగలేదు. “ప్లగ్గు పీకి, పైకెత్తి అడుగు చూడరా” అన్నాను. కొబ్బరి పీచు. అంతకు పన్నెండు రోజుల ముందు జరిగిన వరలక్ష్మీ వ్రతం తాలూకుది. మా ఫుట్ వాల్వులకి గుట్కా ప్యాకెట్లు అడ్డం పడేవి. వాడింట్లో భక్తి అడ్డం పడింది.

ఆనాటి నుంచి నేను ఆ ఇంటి సలహాదారుణ్ని. మూడు నెలలకోసారి గోతిలో బకెట్ నీళ్లు పొయ్యమన్నాను. మోటారు తనంతట తాను లేచి, తాగి, పడుకుంటే క్షేమం. ఏడాదికోసారి బయటికి తీసి బురద కడగాలి. ఫ్లోటు గోడకి తగులుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటరీతో నడిచే రెండో పంపు. వాడు దాని ధర చూసి, “అంత వాన ఏడాదికోసారేగా నాన్నా” అని నసిగాడు. “ఆవకాయా ఏడాదికోసారే పెడతారు. ఆ జాడీలు మునిగిన రోజు మీ అమ్మతో నువ్వే మాట్లాడు” అన్నాను. వారం తిరక్కుండా బ్యాటరీ వచ్చింది.

పంపు మీద నమ్మకం కుదిరాక వాడికి అది సర్వరోగనివారిణి అయిపోయింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంలో ఇళ్లలోకి వచ్చినప్పుడు, “అక్కడి చుట్టాలకి ఇలాంటి పంపొకటి కొనిద్దామా?” అన్నాడు. “తోడి ఎక్కడ పోస్తార్రా, మున్నేట్లోనా? అది ఇంట్లోనే ఉంది” అన్నాను. పంపు నీటిని మాయం చెయ్యదు, పక్కకి పంపుతుంది. భద్రాచలం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గోదావరి పెరిగితే కరకట్ట స్లూయిజులు మూసేస్తారు. నది లోపలికి రాదు గానీ, ఊళ్లో పడ్డ వాన బయటికీ పోదు. రాముడు గుట్ట మీద ఉన్నాడు, పల్లపు వీధులకి మోటార్లే దిక్కు. తోడిన నీళ్లు పొయ్యాల్సిందీ గోదాట్లోనే. 2022 జూలైలో 71.3 అడుగులకి చేరినప్పుడు కూడా గోదావరి ఆ నీళ్లని కాదనలేదు, అంతే.

ఇదంతా చెబుతుంటే అనుమానం వచ్చింది. “ఇంతకీ నీ నీళ్లెక్కడికి పోతున్నాయిరా?”

ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. పైపు గోడకి రెండడుగుల అవతల ముగిసింది. వాలు పక్కింటి గుజరాతీ పెద్దాయన పునాది వైపు. కంచె మీంచి చూపించమన్నాను. ఆయన పైపు మా వాడి గోడ వైపు చూస్తోంది. అంటే మా వాడు తోడిన నీరు ఇంకి ఆయన గోతిలో ఊరుతోంది, ఆయన తోడితే మా వాడి గోతిలోకి వస్తోంది. ఇద్దరూ కంచె దగ్గర కలిసినప్పుడల్లా పంపు బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఒకరికొకరు చెప్పుకుంటున్నారట.

పైపు వీధి కాలువలోకి తిప్పమన్నాను. దానికి పర్మిషన్ కావాలట, దరఖాస్తు పెట్టాడు. అది వచ్చేదాకా ఆ నీళ్లు రెండిళ్ల ఉమ్మడి ఆస్తి.