మౌత్ ఆర్గాన్ నాదపరీక్ష

పెట్టె మీద హార్మోనికా అని అచ్చై ఉన్నా, తెలుగునాట అమ్మేవారికీ కొనేవారికీ మౌత్ ఆర్గాన్‌గానే పరిచితమైన ఈ వాద్యం ఊపిరి వదిలినా పీల్చినా పలుకుతుంది కనుక, వేణువుకూ సన్నాయికీ లేని సౌకర్యం దీనికొకటి ఉన్నదని ఒప్పుకోవాలి. అయితే మంచి నాదం గల వాద్యాన్ని ఎంచుకునే విధానాన్ని విచారించబోయేవారికి మొదటి మెట్టులోనే ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. నాదం తెలియాలంటే ఊదాలి, ఊదితే ఎంగిలి అవుతుంది, ఎంగిలైనదాన్ని దుకాణదారు తిరిగి అద్దాల బీరువాలో పెట్టడు. పుచ్చకాయను తట్టి, ముక్క కోయించుకుని, రుచి చూసి మరీ బేరమాడే ప్రజలు, నోటితో తప్ప మరే అవయవంతోనూ పరీక్షించలేని వస్తువును నోరు మూసుకుని కొనవలసి వస్తుంది.

ఈ చిక్కు తీర్చడానికి కొన్ని పెద్ద దుకాణాలలో చిన్న తిత్తి ఒకటి ఉంచుతారు. వాద్యాన్ని దాని మీద అమర్చి గాలి కొడితే స్వరాలన్నీ పలుకుతున్నాయో లేదో తేలుతుంది గాని, తిత్తికి నాలుక, అంగిలి, గొంతు లేవు కనుక నాదం ఎటువంటిదో తేలదు. తిత్తి పరీక్షలో నెగ్గిన వాద్యం మూగది కాదని మాత్రమే రుజువవుతుంది.

నాదానికి మూలమెక్కడో తెలియాలంటే లోపల చూడాలి. పది రంధ్రాల డయాటోనిక్‌లో, అనగా ఒకే శ్రుతికి చెందిన స్వరాలతో అమర్చిన రకంలో, రెండు ఇత్తడి పలకలు, పలకకు పది చొప్పున రీడ్లు ఉంటాయి. రీడు అనగా ఒక కొన రివెట్‌తో బిగించి రెండవ కొన వదిలేసిన సన్నని లోహపు నాలుక. పలకలో తన కోసమే కోసిన సందులో, అంచులకు తగలకుండా, గాలి తాకిడికి ఊగి శబ్దం పుట్టించడం దాని పని. పైమూత విప్పి పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, మంచి వాద్యంలో రీడుకు రెండు వైపులా నూలుపోగంత వెలుగు గీత సమంగా కనిపిస్తుంది. గీత లావుగా ఉంటే గాలి పక్కనుంచి జారిపోయి ఊపిరి ఖర్చు పెరిగి నాదం పలచబడుతుంది. ఒక వైపు లావుగా, మరో వైపు మూసుకుపోయి ఉంటే రీడు అంచును రాసుకుని బరబరలాడుతుంది. వదిలేసిన కొన పలక మీద ఎంత ఎత్తున ఉన్నదో కూడా చూడాలి, ఏమంటే ఎత్తు ఎక్కువైతే స్వరం ఆలస్యంగా మేలుకుంటుంది, తక్కువైతే కాస్త గట్టిగా ఊదగానే నోరు పడిపోతుంది. తిరునాళ్లలో బొమ్మల పక్కన అమ్మే మౌత్ ఆర్గాన్ల నాదం పీలగా ఉండడానికి కారణం చాలావరకు ఈ గాలి కారుడే. ఈ పరీక్షకు చిన్న స్క్రూడ్రైవరు చాలు గాని, దానిని జేబులోంచి తీసిన కొనుగోలుదారు వైపు దుకాణదారు చూసే చూపును తట్టుకునే శక్తి కూడా ఉండాలి.

ఇంత చేసినా పండితుల తగవు తీరదు, ఎందుకంటే వారి తగవు రీడ్ల మీద కాదు, కోంబ్ మీద. పలకల నడుమ దువ్వెన పళ్లలా గాలి గదులను విడదీసే దిమ్మను కోంబ్ అంటారు. జర్మనీలోని ట్రోసింగెన్‌కు చెందిన హోనర్ సంస్థ 1896లో విడుదల చేసిన మెరైన్ బ్యాండ్‌కు పియర్ చెట్టు కలపతో కోంబ్ చేసి, పలకలను దానికి మేకులతో బిగించారు. కలప వెచ్చని నాదం ఇస్తుందని ఒక పక్షం, ప్లాస్టిక్కు నిలకడ ఎక్కువని ఒక పక్షం, లోహానికి మెరుపు ఎక్కువని ఇంకొక పక్షం వాదించుకుంటూ ఉంటాయి. వాదకులకు ఏది ఏ కోంబో తెలియకుండా వినిపించి చేసిన పరీక్షలలో వారు నమ్మకంగా పోల్చలేకపోయారు. వస్తువు కనబడకపోతే చెవి కూడా పని మానుకునే ఈ విచిత్రాన్ని మూడు పక్షాలూ పెద్దగా లెక్కచేయలేదు. పైపూత లేని కలపకు మాత్రం నిర్వివాదమైన లక్షణం ఒకటున్నది. అది లాలాజలం పీల్చుకుని ఉబ్బి, పళ్ల కొనలు బయటికి పొడుచుకువచ్చి, పాట మధ్యలో పెదవిని గీరుతుంది.

1952లో ‘జూక్’ అనే వాద్యగీతంతో పేరు తెచ్చుకున్న షికాగో బ్లూస్ వాదకుడు లిటిల్ వాల్టర్ చేతిలో ఉండేది దుకాణాలలో దొరికే మామూలు మెరైన్ బ్యాండే. మైకును వాద్యంతో కలిపి రెండు అరచేతులతో మూసి, యాంప్లిఫయరును దాని ఓపిక దాటేదాకా పెంచి, ఆయన పుట్టించిన నాదం కోసం ఆ తరువాత ఎందరో అదే వాద్యం కొన్నారు. అందులో వాల్టర్ నోరు, గొంతు, అరచేతులు జతచేసి ఇవ్వరని ఇంటికి వెళ్లాక గాని తెలియలేదు.

తెలుగు కొనుగోలుదారుకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది మరొకటి. ‘షోలే’లో జై పాత్ర వాయించే బాణీ మీద మోజుతో దుకాణానికి వెళ్లినవారి చేతికి తరచుగా వచ్చేది ట్రెమొలో రకం. ఇందులో ప్రతి స్వరానికి రెండేసి రీడ్లు, ఒకటి రెండవదాని కన్నా రవ్వంత హెచ్చు శ్రుతిలో ఉండి, రెండూ కలిసి పలికినప్పుడు నాదం అలలుగా ఊగుతుంది. ఆ ఊపు మొదటి పాటకు ఇంపుగానూ పదవ పాటకు జ్వరంలా గానూ ఉంటుంది. దానిని కాదని సి శ్రుతి డయాటోనిక్ తెచ్చుకున్నవారు మొదటి రంధ్రం నుంచి సరిగమలు వాయించబోతే, స రి గ వచ్చాక మధ్యమం కనిపించదు, పంచమం రెండు చోట్ల ఉంటుంది, ధైవతం లేదు, నిషాదం ఉన్నది. వాద్యం చెడిపోయిందనుకోనక్కరలేదు. జర్మన్ జానపద గీతాలకు తోడుగా మూడేసి స్వరాలు ఒక్కసారి పలికించడానికి కుదిర్చిన రిక్టర్ అమరికలో ఆ రెంటికీ చోటు పెట్టలేదు. నాలుగవ రంధ్రం నుంచి ఏడవ దాకా సప్తకం పూర్తిగానే ఉంటుంది. కింది మ, ధ కావాలంటే రెండు, మూడు రంధ్రాలలో పీలుస్తూ నోటి లోపలి ఖాళీని మార్చి స్వరాన్ని కిందికి వంచాలి. దీనిని బెండింగ్ అంటారు, గాలి కారే వాద్యంలో ఇది ఎంత తంటాలు పడినా సరిగా కుదరదు.

శ్రుతి దిద్దిన పద్ధతి కూడా నాదాన్ని మారుస్తుంది. అర స్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. తంబురాలో తానుగా వినిపించే అంతర గాంధారం కన్నా కీబోర్డు గాంధారం సుమారు 14 సెంట్లు హెచ్చు. తంబురాను అనుసరించే మొదటి పద్ధతిలో దిద్దిన వాద్యంలో కలిపి ఊదిన స్వరాలు నునుపుగా కలిసిపోతాయి, కీబోర్డును అనుసరించే రెండవదానిలో కాస్త గరగరలాడతాయి, కాని కీబోర్డు పక్కన కూర్చోబెడితే మొదటిదే అపశ్రుతిగా తోస్తుంది. ఒంటరిగా వాయించుకునేవారు మొదటిదానినీ, ఆర్కెస్ట్రాలో చేరేవారు రెండవదానినీ ఎంచుకోవడం మేలు.

డయాటోనిక్‌లో సాధారణంగా దొరికే శ్రుతులలో జి అన్నిటికన్నా మంద్రం, దాని రీడ్లు నిదానంగా కదులుతాయి గాని నాదం నిండుగా ఉంటుంది. పై కొసన ఉండే ఎఫ్ చిన్న ఊపిరికే కీచుమంటుంది. పాఠాలు ఎక్కువగా సి శ్రుతికే రాసి ఉంటాయి కనుక కొత్తవారికి అదే తగినది. గోడ అవతల ఇంటర్ పరీక్షలకు చదివే పిల్లలున్న అపార్టుమెంటులో మాత్రం, ఆ పరీక్షలు ముగిసేదాకా, ఎఫ్ శ్రుతి జోలికి పోకపోవడం క్షేమం.